విడాకులకు ఏ దారి మేలు: సహకార పద్ధతా, మీడియేషనా, కోర్టు పోరాటమా?

భార్యాభర్తలు ఇక కలిసి బతకలేమని తేల్చుకున్నాక కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో వాళ్ల ముందు ఐదు దారులుంటాయి. పెద్దమనుషుల మధ్య కూర్చుని కాగితం రాసుకోవడం ఒకటి. ఇద్దరూ కలిసి ఒకే లాయరుతో పరస్పర అంగీకార పిటిషన్ వేయించడం రెండోది. ఎవరి పక్షమూ కాని మీడియేటర్ దగ్గర మాట్లాడుకోవడం మూడోది. ఎవరి లాయరును వాళ్లు పెట్టుకుని, మాటలు నడిచినంతకాలం కేసు వేయబోమని ముందే రాసుకుని, నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నీ తేల్చుకునే సహకార పద్ధతి, అంటే కొలాబొరేటివ్ డివోర్స్, నాలుగోది. ఒకరి మీద ఒకరు కేసు వేసి తీర్పు దాకా పోరాడటం ఐదోది.

ఏ దారి పట్టాలన్నది మూడు ప్రశ్నల మీద ఆధారపడుతుంది. ఇద్దరిలో ఎవరికైనా రెండోవాళ్లంటే భయం ఉందా? లెక్కలన్నీ బయట పెట్టడానికి ఇద్దరూ సిద్ధమా? నిర్ణయం ఆ ఇద్దరి చేతిలో ఉందా, ఇంటి పెద్దల చేతిలో ఉందా? వీటికి ఉన్నదున్నట్టు జవాబు చెప్పుకున్నాకే లాయరు ఆఫీసు మెట్లెక్కాలి.

బాండు పేపరు విడాకులు

ముందుగా దీన్ని పక్కన పెట్టేయాలి. వంద రూపాయల బాండు పేపరు మీద "ఇకమీదట మాకు ఏ సంబంధమూ లేదు" అని రాసుకుని, ఇరువైపుల సాక్షులు సంతకాలు చేసి, నోటరీ ముద్ర వేయించినా హిందూ వివాహం రద్దు కాదు. కులాచారం ప్రకారం జరిగే విడాకులను హిందూ వివాహ చట్టం 29(2) కాపాడుతుంది. అయితే ఆ ఆచారం పూర్వం నుంచి తెగకుండా నడుస్తున్నదని రుజువు చేయాల్సింది దాన్ని చెప్పుకునేవాళ్లే. ఆ రుజువు కోర్టులో నిలబడటం చాలా కష్టం.

ఆ కాగితాన్ని నమ్ముకుని మళ్లీ పెళ్లి చేసుకుంటే రెండో పెళ్లి చెల్లదు. పైగా భారతీయ న్యాయ సంహిత 82 కింద అది నేరం, ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. దెబ్బ వెంటనే తగలకపోవచ్చు. భర్త ప్రభుత్వ ఉద్యోగి అయి చనిపోయినప్పుడు కుటుంబ పెన్షన్ దగ్గర, పొలం వారసుల పేరు మీదికి మారేటప్పుడు, పాస్‌పోర్టులో భర్త పేరు మార్చేటప్పుడు బయటపడుతుంది. అప్పటికి రెండో సంసారంలో పిల్లలు కూడా ఉంటారు.

పెద్దమనుషులు పనికిరారని దీని అర్థం కాదు. సామాన్లు తిరిగి ఇప్పించడంలో, గొడవ కొట్లాట దాకా పోకుండా ఆపడంలో వాళ్ల మాటకు విలువ ఉంది. వాళ్ల దగ్గర తేలిన షరతులను కోర్టు డిక్రీలోకి, అంటే తీర్పు ఉత్తర్వులోకి, ఎక్కించుకోవాలి. అంతవరకు ఆ కాగితం ముసాయిదా మాత్రమే.

పరస్పర అంగీకారం: మూడు దారులూ చేరే చోటు

ఒకే లాయరుతో వెళ్లినా, మీడియేషన్‌లో తేల్చుకున్నా, సహకార పద్ధతిలో కూర్చున్నా ఆఖరుకు వేయాల్సింది హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకార పిటిషనే. అందుకే దాని లెక్కలు ముందే తెలియాలి. పిటిషన్ వేసేనాటికి ఏడాది, ఆపైన విడిగా ఉండి ఉండాలి. విడిగా అంటే వేర్వేరు ఇళ్లలోనే ఉండాలని లేదు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తలుగా బతకకపోతే చాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. మొదటి పిటిషన్ తర్వాత ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలలు దాటకుండా రెండోసారి ఇద్దరూ కోర్టుకు రావాలి. ఆ ఆరు నెలల గడువును కోర్టు ఎత్తివేయవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దానికి షరతులున్నాయి: పిటిషన్‌కు ముందే ఏడాదిన్నర విడిగా గడిచి ఉండాలి, కలపడానికి చేసిన ప్రయత్నాలు విఫలమై ఉండాలి, భరణం, పిల్లలు, ఇతర లావాదేవీలన్నీ నిజంగా తేలిపోయి ఉండాలి. మొదటి హాజరు అయిన వారం తర్వాత గడువు మినహాయింపు అడగవచ్చు.

సహకార పద్ధతికి ఇక్కడ ఒక అనుకూలత ఉంది. ఆ విడిగా ఉండే ఏడాదినే మాట్లాడుకోవడానికి వాడుకుంటే, పిటిషన్ వేసేనాటికి తేలాల్సింది ఏమీ మిగలదు.

భర్త కువైట్‌లో ఉంటే? కడప, రాయచోటి, రాజంపేట వైపు కుటుంబాల్లో ఇది తరచుగా వచ్చే ప్రశ్న. వీడియో కాన్ఫరెన్స్ ద్వారా విచారణ జరపవచ్చని, రాలేకపోవడానికి సరైన కారణం ఉంటే తల్లిదండ్రులో తోబుట్టువులో తరఫున హాజరు కావచ్చని అదే 2017 తీర్పు చెప్పింది. అక్కడ రాసిన పవర్ ఆఫ్ అటార్నీని భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరింపజేసి, ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ మూడు నెలల సంగతి మరిచిపోయి వాయిదాలు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

ఒకే లాయరు చాలా?

పిల్లలు లేరు, పొలం లేదు, బంగారం ఎవరిది వాళ్ల దగ్గరే ఉంది, ఇద్దరికీ సంపాదన ఉంది. ఇలాంటి జంటకు ఒకే లాయరు సరిపోతాడు. అంతకంటే ఏమున్నా సరిపోడు. ఒక పక్షానికి సలహా ఇచ్చిన లాయరు అదే వ్యవహారంలో ఎదుటి పక్షానికి పని చేయకూడదని బార్ కౌన్సిల్ నియమం. "ఇద్దరికీ నేనే చూస్తా" అన్నప్పుడు ఆయన నిజానికి ఫీజు ఇచ్చినవాళ్ల మనిషి. రెండోవాళ్లకు, చాలాసార్లు భార్యకు, "ఈ షరతు నీకు నష్టం" అని చెప్పే మనిషి ఆ గదిలో ఉండడు.

ఇప్పించిన భరణంలో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం కూడా బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. అలా అడిగిన లాయరు దగ్గర ఆగవద్దు.

మీడియేషన్: ఎక్కువమందికి సరిపోయే దారి

జిల్లా న్యాయసేవాధికార సంస్థ జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. కేసు వేయకముందే అక్కడికి వెళ్లి మీడియేషన్ అడగవచ్చు. కేసు వేస్తే కుటుంబ న్యాయస్థానమే పంపుతుంది. దాంపత్య వివాదాలను మీడియేషన్‌కు పంపాలని సుప్రీంకోర్టు 2013లో గట్టిగా చెప్పింది. ఆ గదిలో అన్న మాటలు బయటికి రాకూడదు. రాజీ కుదరకపోతే కుదరలేదని మాత్రమే మీడియేటర్ కోర్టుకు రాయాలి. ఈ రక్షణ ఉంది కాబట్టే మనసులో మాట చెప్పడానికి భయపడనక్కర్లేదు.

మీడియేటర్ ఎవరికీ సలహా ఇవ్వరు. ఇది బలమూ బలహీనతా రెండూ. భర్త జీతం ఇరవై వేలని చెబితే, అది నలభై వేలని తేల్చే పని మీడియేటర్‌ది కాదు. అందుకే వెనక సొంత లాయరు ఉండాలి. న్యాయసేవల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు.

మా అభిప్రాయం దాచకుండా చెప్పాలంటే, ఈ మూడు జిల్లాల్లో ఎక్కువ జంటలకు మీడియేషన్, దాని వెనక ఎవరి లాయరు వాళ్లకు, ఇదే సరైన దారి. సహకార పద్ధతి ఇచ్చే లాభంలో ఎక్కువ భాగం తక్కువ ఖర్చుతో దొరుకుతుంది. సహకార పద్ధతి ఖర్చుకు తగ్గ ఫలితం ఇచ్చేది లెక్కలు చిక్కుపడినప్పుడు: ఉమ్మడి వ్యాపారం, ఇద్దరి పేరా ఉన్న హోమ్ లోన్, రెండు ఊళ్ల మధ్య పెరగాల్సిన పిల్లలు. ధర్మవరంలో మగ్గాలూ చీరల కొట్టూ కలిసి నడిపిన జంట అనుకోండి. నూలు అప్పు ఎవరిది, రావాల్సిన బాకీలు ఎవరివి, మగ్గం ఎవరికి అని ఒక్కపూట మీడియేషన్‌లో తేలదు.

సహకార పద్ధతి ఎలా నడుస్తుంది

అమెరికాలో, మిన్నియాపోలిస్ నగరంలో, కుటుంబ కేసులు చూసే స్టూ వెబ్ అనే లాయరు 1990లో దీన్ని మొదలుపెట్టారు. ఇక కోర్టులో వాదించను, రాజీకి మాత్రమే పని చేస్తాను అన్నారు. 2009లో అక్కడి రాష్ట్రాల కోసం ఒక నమూనా చట్టం కూడా వచ్చింది. మన దేశంలో దీనికంటూ చట్టం లేదు. చేసుకోవడానికి అడ్డూ లేదు. మాటలు నడిచినంతకాలం ఒక ఒప్పందం, ముగిశాక 13బి పిటిషన్, అంతే.

దీని ప్రాణం ఒకే షరతులో ఉంది: మాటలు చెడి ఎవరైనా కేసు వేస్తే ఇద్దరు లాయర్లూ తప్పుకోవాలి. అప్పుడు గొడవ పెరిగితే లాయరుకు వచ్చేదేమీ ఉండదు, పోయేదే ఉంటుంది. మామూలు రాజీ మాటల్లో లాయరు ఒక కన్ను కోర్టు మీద పెట్టుకుని మాట్లాడతాడు. ఇక్కడ ఆ కన్ను అవసరం ఉండదు.

ఈ షరతుకు రెండో వైపు కూడా చూడాలి. మాటలు చెడితే ఇద్దరూ కొత్త లాయర్లకు మొదటినుంచి చెప్పుకోవాలి, మళ్లీ ఫీజు కట్టాలి. డబ్బున్నవాళ్లకు అది చిన్న నష్టం, లేనివాళ్లకు పెద్దది. కావాలనే ఆరు నెలలు మాటలు సాగదీసి లేచి వెళ్లిపోయే భర్త చేతిలో ఇది ఆయుధమవుతుంది. అందుకే మధ్యంతర భరణం రాయకుండా ఒప్పందం మీద సంతకం పెట్టకూడదు. కారణం చాలా నికరమైనది: భరణం పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కించాలని 2020లో రజనీశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషన్ వేయకుండా పది నెలలు మాటల్లో గడిపితే ఆ పది నెలల భరణం పోయినట్టే. నెలకు ఇంత, ఫలానా తేదీలోపు, బ్యాంకు ఖాతాలోకి అని మొదటి సమావేశానికి ముందే రాయించుకోవాలి. రెండు నెలలు రాకపోతే ఒప్పందం దానంతటదే రద్దయినట్టు కూడా రాయించుకోవాలి.

ఒప్పందంలో ఇంకా ఏముండాలంటే: కేసు వేసే ముందు ముప్పై రోజుల నోటీసు, దెబ్బలు, పిల్లలను ఎత్తుకుపోవడం, ఆస్తి అమ్మడం వంటి అత్యవసరాల్లో ఆ నోటీసు అక్కర్లేదన్న మినహాయింపు, అన్ని ఆస్తులూ అప్పులూ కాగితాలతో చూపిస్తామన్న హామీ, ఆస్తి విలువ కట్టే ఆడిటర్‌ను ఇద్దరూ కలిసి నియమించి ఖర్చు పంచుకోవడం, మాటల్లో చెప్పినదాన్ని సాక్ష్యంగా వాడకూడదన్న షరతు. చివరి షరతుకు భారతీయ సాక్ష్య అధినియమం 21వ సెక్షన్ అండగా ఉంది. "ఎన్నటికీ కోర్టుకు వెళ్లం" అని మాత్రం రాయవద్దు. కోర్టు తలుపు పూర్తిగా మూసే ఒప్పందం కాంట్రాక్టు చట్టం 28 ప్రకారం చెల్లదు. లాయర్లు తప్పుకునే షరతును ఎవరి ఫీజు ఉత్తరంలో వాళ్లకు వేరుగా కూడా రాయించుకోవాలి.

బోర్డు మీద ఈ పేరున్న లాయరు మన పట్టణాల్లో కనబడకపోతే వెతుక్కుంటూ బెంగళూరు, హైదరాబాద్ పోనక్కర్లేదు. ఆస్తి దావాలు, దస్తావేజులు బాగా తెలిసి, కోపం తెచ్చుకోని ఇద్దరు సివిల్ లాయర్లు చాలు. అయితే చిన్న పట్టణం లాయర్లలో అందరూ అందరికీ తెలుసు. ఎదుటి లాయరు మీ లాయరుకు జూనియర్‌గా చేశాడా, బంధువా, పాత పార్ట్‌నరా అన్నది నేరుగా అడగండి. ఫీజు వాయిదాకు ఇంత అని కాక, మొత్తానికి ఇంత అని మాట్లాడుకోండి. నాలుగు నుంచి ఆరు సమావేశాలు, ఒక్కొక్కటి రెండు గంటలకు మించకుండా, మూడు వారాలకొకటి అనుకుని మొదలుపెడితే సరిపోతుంది. మూడో సమావేశానికి కూడా బ్యాంకు కాగితాలు బల్ల మీదికి రాలేదంటే ఇక రావు. అక్కడితో ఆపేయాలి.

సమావేశాల్లోకి బంధువులను రానివ్వకండి. మేనమామ, బావ బయట కూర్చోవచ్చు. ఇది కఠినంగా అనిపించవచ్చు గానీ లోపల ఆరుగురు మాట్లాడితే పెళ్లి ఖర్చుల దగ్గరే రోజు గడిచిపోతుంది. అయితే ఇల్లో పొలమో అత్తమామల పేర ఉండి, దాన్నుంచి ఏదైనా ఇస్తామంటే, వాళ్లు ఒప్పందం మీద సంతకం చేయాలి. కొడుకు ఇచ్చిన మాట తండ్రి ఆస్తిని కట్టివేయదు.

బంగారం, పొలం, అప్పులు

మాటలు ఎక్కువగా చెడేది ఇక్కడే. పెళ్లిలో పెట్టిన బంగారం, చదివింపులు, పుట్టింటివాళ్లు ఇచ్చినవి స్త్రీధనం. అవి భార్య సొంతమని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభా రాణి కేసులో తేల్చింది. అవి తిరిగి ఇవ్వడం భరణంలో భాగం కాదు. చాలా రాజీల్లో "పది లక్షలు, బంగారంతో కలిపి" అని రాసి ఆడవాళ్లకు వాళ్ల సొమ్మే వాళ్లకు భరణంగా ఇస్తున్నారు. రెండూ వేర్వేరు పేరాల్లో రాయించాలి.

జాబితా గ్రాముల్లో ఉండాలి. తులమంటే కొందరు పది గ్రాములు పట్టుకుంటారు, కొందరు 11.66. ఇరవై తులాల దగ్గర ఆ తేడా 33 గ్రాములు దాటుతుంది. పెళ్లి ఫోటోలు, ప్రొద్దుటూరు కొట్లలో కొన్న బిల్లులు పెట్టుకుని ఒక్కో నగా రాసి, ఇద్దరూ ఒప్పుకున్న చోట తూకం వేయించాలి.

ఇక తాకట్టు. వేరుశెనగ పెట్టుబడికి, బోరు వేయడానికి భార్య బంగారం బ్యాంకులో పెట్టడం అనంతపురం జిల్లాలో సర్వసాధారణం. రశీదు భర్త పేర ఉంటే ఆ బంగారం విడిపించే హక్కు బ్యాంకు లెక్కలో భర్తది. అసలు, వడ్డీ ఎంత, ఎవరు కట్టాలి, ఏ తేదీలోపు విడిపించి ఇవ్వాలి అన్నది రాయాలి. "బంగారం తిరిగి ఇస్తాడు" అన్న ఒక్క వాక్యం సరిపోదు. ఇలాంటిదే తిరగేసి పొదుపు సంఘం అప్పు: భార్య పేర తీసుకుంటుంది, డబ్బు ఇంటికి ఖర్చవుతుంది, విడిపోయాక సంఘం ఆమెనే అడుగుతుంది. ఆ అప్పు మిగులును రెండో హాజరుకు ముందే తీర్చేసి, సంఘం పుస్తకంలో రాయించుకోవాలి.

హోమ్ లోన్ సంగతి మరీ ముఖ్యం. ఇద్దరూ కలిసి తీసుకున్న లోనును "ఇకపై భర్తే కడతాడు" అని డిక్రీలో రాసినా బ్యాంకుకు అది వర్తించదు. అతను కట్టకపోతే నోటీసు ఆమెకూ వస్తుంది, సిబిల్ స్కోరు ఆమెదీ పడుతుంది. బ్యాంకు నుంచి పేరు తొలగించిన ఉత్తరం చేతికి వచ్చాకే ఇంటి హక్కు రాసివ్వాలి.

పొలం ఇస్తామంటే రెవెన్యూ రికార్డులైన 1బి, అడంగల్, లావాదేవీలు చూపే ఈసీ మూడూ తాజావి తీయించండి. కేసులో వివాదంగా లేని ఆస్తిని రాజీలో కొత్తగా ఇస్తే ఆ డిక్రీని రిజిస్టర్ చేయించాల్సి వస్తుంది. అందుకే విడిగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు రాయించి, మ్యుటేషన్ అయ్యేదాకా, అంటే రెవెన్యూ రికార్డుల్లో పేరు మారేదాకా, చూసుకోవడం మేలు.

అన్ని లెక్కలకూ రజనీశ్ కేసు తీర్పులో ఇచ్చిన ఆస్తి అప్పుల అఫిడవిట్ నమూనా ఉంది. కేసు లేకున్నా దాన్నే నింపమనండి. దానికి తోడు మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం స్లిప్పులు, పీఎఫ్ పాసుబుక్, ఎల్‌ఐసీ బాండ్లు, చీటీల పుస్తకాలు, రాసిచ్చిన ప్రామిసరీ నోట్లు. నోటుకు మూడేళ్ల గడువు. మామగారి దగ్గర అల్లుడు తీసుకున్న చేబదులు నోటు ఉంటే, మాటలు సాగుతుండగా ఆ గడువు దాటిపోకుండా మళ్లీ సంతకం తీసుకోవాలి.

పిల్లలు

ఐదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టం చెబుతుంది. ఆపైన కోర్టు చూసేది బిడ్డ క్షేమం. తండ్రి బెంగళూరులో ఉద్యోగం, తల్లి అనంతపురంలో పుట్టింట్లో. ఇలాంటి కుటుంబానికి "తండ్రికి చూసే హక్కు ఉంటుంది" అని రాస్తే చాలదు. ఏ శనివారం, ఎన్ని గంటలకు, ఎవరు తెచ్చి ఎవరు దిగబెట్టాలి, సంక్రాంతి ఒక ఏడు ఎవరి దగ్గర, దసరా ఎవరి దగ్గర, వేసవి సెలవుల్లో ఎన్ని రోజులు, ఫీజు ఎవరు కడతారు, బడి మార్చాలంటే ఇద్దరి సంతకమూ కావాలా అన్నవన్నీ రాయాలి. సహకార పద్ధతి మిగతా దారులకంటే నిజంగా మిన్న అనిపించేది ఈ అధ్యాయంలోనే. కోర్టు ఆదేశం రెండు వాక్యాల్లో తేల్చేదాన్ని ఇక్కడ పిల్లల బడి క్యాలెండరు ముందు పెట్టుకుని రాసుకోవచ్చు.

ఒక షరతు మాత్రం ఎన్నడూ పెట్టవద్దు: "పిల్లల భరణం అడగను" అని తల్లి చేత రాయించడం. అది పిల్లల హక్కు, తల్లి వదులుకోలేదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. తాతల ఆస్తిలో బిడ్డ వాటాదీ ఇదే సంగతి. కూతురి పోషణ "పద్దెనిమిదేళ్ల వరకు" అని కూడా కట్ చేయకూడదు; తనను తాను పోషించుకోలేని పెళ్లికాని కూతురి బాధ్యత ఆ తర్వాతా ఉంటుంది. నెల మొత్తానికి ఏటా ఇంత పెంపు అని కలపండి. లేకపోతే ఒకటో తరగతినాటి మొత్తమే ఇంటర్‌లో కూడా వస్తుంది.

కేసులున్నప్పుడు

ఇప్పటికే భర్త, అత్తింటివాళ్ల వేధింపు మీద పెట్టే 498ఎ కేసు నడుస్తుంటే సహకార పద్ధతి కుదరదని అనుకోనక్కర్లేదు గానీ క్రమం జాగ్రత్తగా చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2003 నాటి రాష్ట్ర సవరణ వల్ల పాత 498ఎ కేసులను కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చు. దరఖాస్తు తర్వాత మూడు నెలలు ఆగాలి. 2024 జులై 1 నుంచి జరిగిన ఘటనల మీద అదే వేధింపు నేరానికి న్యాయ సంహిత 85 కింద నమోదైనవి కొత్త చట్టంలోని రాజీ పట్టికలో లేవు. వాటికి అమరావతిలోని హైకోర్టులో కొట్టివేత పిటిషన్ వేయాలి. ఆ ఖర్చు, ప్రయాణం ఎవరిదో రాజీలోనే రాయాలి.

డబ్బు, కేసు, సంతకం ఒకదానికొకటి ముడిపడి ఉండాలి. రెండో హాజరు దాకా ఎవరైనా అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు. మొత్తం డబ్బు ముందే ఇచ్చిన భర్తా నష్టపోవచ్చు, కేసు ముందే తీసేసుకున్న భార్యా నష్టపోవచ్చు. మొదటి హాజరునాడు కొంత డీడీ, రెండో హాజరునాడు జడ్జి ముందు మిగతా డీడీ, డిక్రీ తర్వాత ఇన్ని రోజుల్లో కేసు ఉపసంహరణకు సహకారం, ఇలా మెట్లుమెట్లుగా పెట్టుకోవాలి. డీడీ నంబరు, తేదీ, బ్యాంకు శాఖ పిటిషన్‌లోనే రాయాలి.

నేరుగా కోర్టుకే వెళ్లాల్సినవాళ్లు

కొట్టే మనిషితో ఒకే బల్ల దగ్గర కూర్చోకూడదు. లాయరు పక్కనున్నా సరే, ఇంటికి వెళ్లాక ఏమవుతుందోనన్న భయంతో చేసిన సంతకం అంగీకారం కాదు. గృహహింస చట్టం, 2005 కింద దరఖాస్తు వేస్తే మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లో పెట్టాలి, అరవై రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలి. అదే ఇంట్లో ఉండే హక్కు, రక్షణ ఉత్తర్వు, డబ్బు మూడూ అడగవచ్చు. సాయానికి 181, ప్రమాదంలో 112.

ఆస్తి దాచేవాళ్లు, తాగుడు మానలేనివాళ్లు, రెండో సంసారం పెట్టినవాళ్లు, అసలు విడాకులే ఇవ్వనని భీష్మించుకున్నవాళ్లు ఎదుట ఉన్నప్పుడు కూడా సహకార పద్ధతి కాలయాపనే. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13 కింద క్రూరత్వం, రెండేళ్లకు తగ్గకుండా వదిలేసిపోవడం వంటి కారణాలతో పిటిషన్ వేయాలి. దానికి ఏళ్లు పట్టవచ్చు; ప్రతి వాయిదాకూ ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోతాయి. అయినా అదే చట్టం సెక్షన్ 24 కింద మధ్యంతర భరణం మొదట్లోనే అడగవచ్చు. భార్య తాను ఉంటున్న ఊరి పరిధిలోని కోర్టులోనే వేయవచ్చు. కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో కుటుంబ న్యాయస్థానాలున్నాయి. కేసు వేశాక కూడా రాజీకి వచ్చి 13బి కిందికి మార్చుకోవచ్చు, కాబట్టి కేసు వేయడంతో మాటల దారి మూసుకుపోదు.

చిన్న వయసులో పెళ్లి చేయబడిన అమ్మాయి విషయంలో విడాకులకంటే ముందు బాల్య వివాహ నిషేధ చట్టం, 2006 చూడాలి. మేజర్ అయిన రెండేళ్లలోపు, అంటే ఇరవై నిండేలోగా, ఆ పెళ్లిని రద్దు చేయమని అడగవచ్చు.

ఇతర మతాల సంగతి. ముస్లిం జంటలకు ఇద్దరి ఒప్పుదలతో ముబారాత్, భార్య కోరికతో ఖులా ఉన్నాయి. ఒక్కసారిగా మూడు తలాఖ్‌లు చెప్పడం 2019 చట్టం ప్రకారం నేరం. మాటల్లో మెహర్‌ను, అంటే పెళ్లిలో భర్త భార్యకు ఇస్తానన్న సొమ్మును, వేరే పద్దుగా చూపాలి. పరస్పర అంగీకార విడాకులకు క్రైస్తవులకు 1869 విడాకుల చట్టంలోని 10ఎ వర్తిస్తుంది. చట్టంలో రాసి ఉన్న ప్రకారం విడిగా ఉండాల్సిన కాలం రెండేళ్లు. రిజిస్టర్ పెళ్లి ప్రత్యేక వివాహ చట్టం కింద జరిగి ఉంటే 28వ సెక్షన్, ఏడాది.

డిక్రీ వచ్చాక

కుటుంబ న్యాయస్థానంలో లాయరు వాదించడం హక్కు కాదు, అనుమతితోనే. జడ్జి, కౌన్సెలర్ నేరుగా మిమ్మల్నే అడుగుతారు: షరతులు తెలుసా, ఎవరైనా బలవంతం చేశారా. అందుకే రాజీ పత్రం తెలుగులో రాయించి, ప్రతి పేరా చదివి సంతకం పెట్టండి. ఇంగ్లీషులో ఉంటే తెలుగు ప్రతి జతచేయమనండి.

ఒప్పుదలతో వచ్చిన డిక్రీ మీద అప్పీలు లేదు. పోరాడి తెచ్చుకున్న డిక్రీ అయితే 90 రోజులు ఆగి, అప్పీలు పడలేదని చూసుకున్నాకే మళ్లీ పెళ్లి మాట ఎత్తాలి. సర్టిఫైడ్ కాపీలు కనీసం నాలుగు తీసుకోండి. రైస్ కార్డులో పేరు విడగొట్టడానికి, బ్యాంకు నామినీ మార్చడానికి, పాస్‌పోర్టుకు, పిల్లల బడికి వేర్వేరుగా అడుగుతారు. ఎల్‌ఐసీ, పీఎఫ్ నామినీలు డిక్రీతో వాటంతట అవి మారవు, ఎవరివి వాళ్లు ఫారం నింపి మార్చుకోవాలి.